బొగ్గు తీసిన నేల మీద మందలు

పుట్టిన సంవత్సరం చెప్పగలిగే నేలలు లోకంలో చాలా తక్కువ. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం నైరుతి కొసన, వైజ్ కౌంటీ కొండల్లో అలాంటి మడులు కొన్ని ఉన్నాయి. 1982లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు బొగ్గు తవ్వకంలో బయటపడ్డ రాళ్లను తెప్పించారు. ఒక మడిలో అచ్చంగా ఇసుకరాయి, ఒకదాంట్లో అచ్చంగా ఒండ్రురాయి, మిగతావాటిలో ఆ రెండింటినీ రకరకాల పాళ్లలో కలిపి పోశారు. ఇంకో వరస మడుల్లో ఒకదానికి పైమట్టి, ఒకదానికి రంపపు పొట్టు, మరికొన్నిటికి మురుగునీటి శుద్ధిలో మిగిలే బురద పట్టించారు. వాటి మీద ఫెస్క్యూ గడ్డి చల్లి ఏళ్ల తరబడి కొలతలు తీశారు. వాళ్లు తేల్చుకోవాలనుకున్నది ఒకటే: రాయి ఎన్నాళ్లకు మట్టి అవుతుంది?

అనుకున్నంత కాలం పట్టలేదు. కోట్ల ఏళ్లుగా గాలి తగలని రాయి పేలుడుకు ముక్కలై, ఎండకూ వానకూ మంచుకూ చిక్కితే కొద్ది ఏళ్లలోనే పైపొర పొడి పొడి అవుతుంది. సరైన రాయిని ఎంచుకుని ఎరువు వేస్తే గడ్డి పైమట్టి మీద వచ్చినంత బాగానూ వస్తుంది. అప్పలాచియన్ కొండల్లో పైమట్టి చాలాచోట్ల జానెడు కూడా ఉండదు. అలాంటి చోట దానికి బదులు ఏరి తెచ్చిన రాతిపొడి పరచడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది కూడా.

గడ్డి సంగతి అలా తేలింది. ఆ గడ్డి తిని ఒక మంద ఏటికేడు ఈని, పాలిచ్చి, బరువెక్కి, పశువుల డాక్టరు అవసరం పెద్దగా లేకుండా బతకగలదా అన్నది వేరే లెక్క. తవ్వేసిన గనిని పశువుల రాంచ్‌గా మార్చే పనిలో చిక్కంతా ఈ రెండో లెక్కలోనే ఉంది.

అమెరికాలో ఈ పనికి ఊతం 1977 ఆగస్టు 3న వచ్చింది. ఆ రోజు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉపరితల గనుల చట్టం మీద సంతకం చేశారు. అంతకుముందు కొండను చెక్కి బొగ్గు తీసుకుని, నిలువు గోడలాంటి రాతిచరియను అలాగే వదిలేసి పోవడం మామూలు. చట్టం వచ్చాక గుంత పూడ్చాలి, చరియ కూల్చాలి, కొండవాలును ఇంచుమించు మునుపటిలా తేవాలి. పైమట్టిని ముందే విడిగా తీసి దాచి, చివర్లో కప్పాలి. ఇదంతా చేస్తానని కంపెనీ బాండు కట్టాలి. మొక్కలు నాటాక వానలు బాగా పడే తూర్పు రాష్ట్రాల్లో 5 ఏళ్లు, ఏటా 26 అంగుళాలకు మించి వాన పడని పడమటి ప్రాంతాల్లో 10 ఏళ్లు ఆ పచ్చదనం నిలబడితేనే బాండు పూర్తిగా విడుదలవుతుంది.

తవ్వకం అయ్యాక ఆ నేల దేనికి పనికొస్తుందో పర్మిట్‌లోనే రాయాలి. తూర్పు కొండల్లో కంపెనీలు ఎక్కువగా రాసిన మాట ‘మేతభూమి’. ఎందుకో ఊహించడం కష్టం కాదు. గడ్డి విత్తనం చవక, ఒక్క సీజన్లో పచ్చబడుతుంది, చెట్లు ఎదిగేదాకా కాచుకోనక్కర్లేదు. ఆ చట్టం కింద అప్పలాచియాలో తవ్విన నేల 6 లక్షల హెక్టార్ల పైమాటే. కాగితం మీద మేతభూమి అయిన గుట్టల్లో చాలావాటి మీదికి ఒక్క ఆవూ ఎక్కలేదు. కంచె లేదు, నీళ్లు లేవు, దగ్గర్లో మంద ఉన్న రైతు లేడు. కొన్నేళ్లకు ఆ గడ్డిలోకి ఆటమ్ ఆలివ్ అనే ముళ్ల పొద చొరబడి అడవీ కాని, బీడూ కాని చోటుగా మార్చేసింది. చట్టం చెడ్డదని అనను. అది లేని రోజుల్లో నదులు ఏ రంగులో పారాయో చూసినవాళ్లెవరూ అలా అనరు. కాకపోతే ఇన్‌స్పెక్టరు చూసేది నేల ఎంత మేర కప్పుకుందన్నది. ఆవుకు కావలసింది ఆ కప్పులో ఏముందన్నది.

పైగా ఆ నేల బిగుసుకుపోవడానికి చట్టాన్ని అమలుచేసిన తీరే ఒక కారణం. పూడ్చిన వాలు జారిపోతుందేమోనన్న భయంతో బుల్‌డోజర్లను మళ్లీ మళ్లీ నడిపించి, పైభాగం నున్నగా, గట్టిగా చదును చేశారు. వంద టన్నులకు పైగా మోసే డంపర్లు దానిమీదే తిరిగాయి. మంచి పచ్చికనేల ఘన సెంటీమీటరు 1.3 గ్రాములు తూగుతుందనుకుంటే, అలా తొక్కిన గనినేల 1.8 దాకా తూగుతుంది. అక్కడికి వేరు దిగదు, వాన ఇంకదు. చూడ్డానికి పచ్చగా ఉన్న గడ్డి అరచేతి లోతు వేళ్లతో నెట్టుకొస్తూ, వారం రోజులు ఎండ కాస్తే అన్నిటికంటే ముందు ఎండిపోతుంది. అందుకే ఇప్పుడు చివరి నాలుగు అడుగుల మట్టిని తొక్కకుండా గుల్లగా పోయమంటున్నారు. ఇప్పటికే బిగిసిన చోట లోతుగా గీరుతారు. మొదట్లో చెట్ల కోసం గట్టిగా అడిగిన మాట ఇది, పచ్చికకూ మంచే చేస్తుంది. అంత కష్టపడి గుల్ల చేసిన నేలను వానాకాలంలో మందను వదిలి గిట్టలతో మళ్లీ బిగించేవాళ్లూ ఉన్నారు. తడినేల మీదికి పశువును రానివ్వకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం.

ఇంకో మోసం మొదటి ఏడాది పచ్చదనం. అది బస్తాలో వచ్చిన పచ్చదనం. మామూలు నేలలో నత్రజని హ్యూమస్‌లో నిల్వ ఉండి, మొక్కకు ఏటా కొంచెం కొంచెంగా అందుతుంది. నిన్నమొన్న పుట్టిన నేలలో హ్యూమస్ ఎక్కడిది? వేసిన యూరియా అయిపోతే అయిపోయినట్టే. భాస్వరం సంగతి మరీ అన్యాయం: రాతిలోని ఇనుము తుప్పుపడుతూ, వేసిన భాస్వరాన్ని తనలో బిగించేసుకుంటుంది. మూడో ఏడో నాలుగో ఏడో గడ్డి పలచబడుతుంది. అప్పుడు మామూలు సేద్యానికి మించి ఎరువు కుమ్మరిస్తే ఆ 5 ఏళ్ల గడువు మళ్లీ మొదటికొస్తుందని చట్టం. కాబట్టి మొదట్లోనే భాస్వరం దండిగా వేసి, క్లోవర్, ట్రెఫాయిల్ లాంటి పప్పుజాతి మేతను గడ్డితో కలిపి చల్లాలి. వాటి వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోంచి నత్రజని పట్టి తెస్తుంది. ఆ బ్యాక్టీరియా కూడా ఈ మట్టిలో ఉండదు, విత్తనానికి పట్టించి వేయాలి.

ఇక్కడే పశువు తన వంతు చేస్తుంది. ఆవు తిన్న నత్రజనిలో ముప్పాతిక వంతుకు పైగా పేడ, మూత్రం రూపంలో మళ్లీ నేలకే చేరుతుంది. అదే గడ్డిని కోసి మోపులు కట్టి అమ్ముకుంటే పోషకాలన్నీ లారీ ఎక్కి వెళ్లిపోతాయి. కనుక గనినేలలో గడ్డి కోతకంటే మేపడమే మేలు. తొలకరికి ముందు పొలంలో గొర్రెల మంద కట్టించుకునే మన రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే మందను ఇష్టానికి వదిలేస్తే ఎరువంతా నీళ్ల తొట్టి దగ్గరా, ఉన్న ఒక్క చెట్టు నీడలోనూ కుప్పపడుతుంది. అందుకని రాంచ్‌ను చిన్న చిన్న ముక్కలుగా కంచెలేసి విడగొట్టి, మందను ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తిప్పుతారు.

ఏ గడ్డి వేశారన్నది మరో కథ. తూర్పు అమెరికా గనుల మీద ఎక్కువగా చల్లిన ఫెస్క్యూ రకం పేరు కెంటకీ-31. 1931లో కెంటకీలోని ఒక కొండవాలు పొలంలో, మిగతా గడ్డి ఎండిపోయినా ఇది పచ్చగా నిలబడి కనిపించింది. 1943లో రైతులకు విడుదల చేశారు. ఎండకు ఓర్చుకుంటుంది, ఆమ్లానికి ఓర్చుకుంటుంది, కోతకు గురయ్యే వాలును పట్టి ఉంచుతుంది. గనివాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? అయితే దాన్ని మేసిన పశువులు వేసవిలో చెరువులోంచి బయటికి రావు, వెంట్రుకలు రాలవు, బరువు పెరగవు. చలికాలంలో కొన్నిటికి తోక కొస, చెవుల అంచులు, చివరికి గిట్టలు కూడా చచ్చుబడి ఊడతాయి. 1970ల్లో కారణం దొరికింది: గడ్డి కణాల మధ్య కంటికి కనబడకుండా బతికే ఒక శిలీంధ్రం. అది తయారుచేసే విషం రక్తనాళాలను కుంచింపజేస్తుంది. గడ్డికి అంత ఓర్పు ఇచ్చింది కూడా ఆ శిలీంధ్రమే! నేలకు కాపలా కాసేదే పశువుకు శత్రువైంది. తర్వాత విషం తయారుచేయని శిలీంధ్రంతో కొత్త ఫెస్క్యూ రకాలు వచ్చాయి. పాత గుట్టల మీద మాత్రం కెంటకీ-31 ఇంకా ఏలుతోంది.

దానికి తోడుగా చల్లిన సెరీసియా లెస్పెడెజా ముదిరితే వగరెక్కుతుంది, ఆవులు మూతి తిప్పుకుంటాయి. మేకలకు ఆ పట్టింపు లేదు. పైగా ఆ వగరులోని టానిన్లు మేక కడుపులో రక్తం పీల్చే పురుగుల్ని తగ్గిస్తాయి. ఆవులతోపాటు మేకల్ని కలిపి మేపి పొదల్ని అదుపులో పెట్టే ప్రయోగాలు వైజ్ కౌంటీ గనినేలల్లోనే జరిగాయి.

రాతిలోపలి రసాయనం పశువు కడుపుదాకా ఎలా వస్తుందో చూస్తేనే ఈ వ్యవహారం లోతు తెలుస్తుంది. తూర్పు గనుల్లో పైరైట్ అనే ఇనుప గంధక ఖనిజం గాలీ నీరూ తగిలి గంధకామ్లంగా మారుతుంది. అది తెలిసిన జబ్బే. ఆ రాతిని ముందే పరీక్షించి లోతున పాతేస్తారు, పైన సున్నం వేస్తారు. పడమటి మైదానాల్లో రాయి క్షారగుణం కలది. అక్కడ ఆమ్లం బాధ లేదు, పచ్చిక ఏపుగా వస్తుంది, మొక్కలో ఏ లోపమూ కనబడదు. అలాంటి చోటే మాలిబ్డినం దొంగలా వస్తుంది. ఆమ్లనేలలో కదలని ఈ మూలకం క్షారనేలలో కరిగి వేళ్లకు సులువుగా అందుతుంది. పప్పుజాతి మొక్కలు దాన్ని మరీ ఇష్టంగా పీల్చుకుంటాయి. మొక్కకు దానివల్ల హాని లేదు. ఆ మేత నెమరువేసే పశువు మొదటి పొట్టలోకి చేరాక అక్కడి సూక్ష్మజీవులు గంధకాన్ని సల్ఫైడ్‌గా మారుస్తాయి. సల్ఫైడ్, మాలిబ్డినం కలిసి థయోమాలిబ్డేట్ అవుతాయి. అది రాగిని గట్టిగా పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. మేతలో రాగి ఉన్నా లేనట్టే. నల్లావుకు వెంట్రుకలు రంగు వెలిసి గోధుమరంగుకు తిరుగుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి, దూడలు నీరసిస్తాయి, ఆవులు ఎదకు రావు. మేతలో మాలిబ్డినం ఒక పాలుంటే రాగి కనీసం రెండు పాళ్లయినా ఉండాలన్నది మోటు లెక్క. అమెరికా ఉత్తర మైదానాల బొగ్గు గనుల మట్టిలో పెరిగిన మేత ఈ హద్దుకు దిగువన పడే ప్రమాదం ఉందని 1978లోనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. తాగే నీటిలో సల్ఫేట్ ఎక్కువైతే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. గనిగుంతల నీటిలో సల్ఫేట్ ఎక్కువగా ఉండటం మామూలే.

ఈ మాలిబ్డినం కథ తెలుగువాళ్లకు పూర్తిగా కొత్తది కాదు. 1970ల్లో నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతుంటే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు వాళ్లు తినే జొన్నల్ని పరీక్షించారు. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భజలం పైకి లేచి, నేల క్షారగుణం పెరిగి, జొన్న ఎక్కువ మాలిబ్డినాన్ని పీల్చుకుంటోందని, దానివల్ల ఒంట్లో రాగి తగ్గి ఫ్లోరైడ్ దెబ్బ తీవ్రమైందని వాళ్లు వాదించారు. అక్కడ నేలను మార్చింది డ్యామ్, ఇక్కడ గని మట్టిని తోడే భారీ యంత్రం డ్రాగ్‌లైన్. మూలకం నడిచిన దారి మాత్రం ఒకటే.

నేల సరే, గని వదిలిపోయే కట్టడాల మాటేమిటి? మట్టిని ఒడిసిపట్టడానికి తవ్విన చెరువులు పశువులకు నీళ్ల చెరువులవుతాయి. డంపర్లు తిరిగిన వెడల్పాటి దారులు మేత బండ్లకు సరిపోతాయి. యంత్రాలు బాగుచేసిన ఎత్తయిన షెడ్లు గడ్డి నిల్వకు, కాన్పు వేళ దొడ్లకు అక్కరకొస్తాయి. నాకు అన్నిటికంటే నచ్చినది డంపర్ టైరు. మనిషి ఎత్తును మించిన ఆ టైరు పైఅంచు కోసి, నడిమి కన్నాన్ని కాంక్రీటుతో పూడిస్తే వేల లీటర్ల నీళ్ల తొట్టి అవుతుంది. ఆబోతు కుమ్మినా చెక్కు చెదరదు, తుప్పు పట్టదు, చలికాలంలో ఇనుప తొట్టికంటే ఆలస్యంగా గడ్డకడుతుంది. పడమటి అమెరికా రాంచ్‌లలో ఇవి ఎక్కడ చూసినా ఉంటాయి. వాడేసిన కన్వేయర్ బెల్టు మేతతొట్లకు లోపలి తొడుగు, ఈదురుగాలికి అడ్డుగోడ.

కట్టడాల్లో మృత్యువూ ఉంటుంది. వర్క్‌షాప్ మూల పారేసిన పాత బ్యాటరీ పగిలితే పశువులు వద్దన్నా వెళ్లి నాకుతాయి. అలా సీసం ఎక్కిన ఆవు గుడ్డిదై గోడలకు తల కొట్టుకుని చస్తుంది. డీజిల్ నింపిన చోట మట్టి, ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టిన చోట మట్టి తీసి పారేయాల్సిందే. ఆవు గడ్డితోపాటు కొంత మట్టినీ మింగుతుందన్న సంగతి గనుల ఇంజినీర్లకు చాలాకాలం తట్టలేదు.

ఇన్ని చిక్కులు దాటి నిజంగా మందలు నిలిచిన చోట్లున్నాయా అంటే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు హంటర్ లోయలో లిడెల్, హంటర్ వ్యాలీ ఆపరేషన్స్ గనుల దగ్గర ప్రభుత్వ వ్యవసాయ నిపుణులు కొన్నేళ్లపాటు కోడెల్ని మేపి చూశారు. ఒక గుంపు పూడ్చిన గని మీద, మరో గుంపు పక్కనే తవ్వని పచ్చిక మీద. రెండింటినీ తూకం వేస్తూ పోతే గనినేల మీది కోడెలు పక్కవాటికి తీసిపోలేదు, బరువులో వాటిని మించాయి కూడా. పత్రికలు ఈ ఫలితాన్ని చూపి గనినేలే మేలన్నంతగా రాయగలవు. కానీ గని మీద ఉన్నది ఎరువేసి పెంచిన మేలురకం గడ్డి, పక్కన ఉన్నది ఎవరూ పట్టించుకోని నాటుగడ్డి. ఈ ప్రయోగం తేల్చింది ఒకటి: పనిని సరిగ్గా చేసి, తర్వాతా చూసుకుంటే గనినేల మాంసం పండించగలదు. తర్వాత చూసుకునే ఖర్చు ఎవరిదన్నది పశువుల తూకం చెప్పదు.

ఒహాయోలో ఒక ముచ్చట. 1969 నుంచి 1991 దాకా అక్కడ ‘బిగ్ మస్కీ’ అనే డ్రాగ్‌లైన్ కొండల్ని తోడింది. ఒక్క బకెట్‌కు 325 టన్నులు. ఆ గనినేలలో దాదాపు 10 వేల ఎకరాల్ని కంపెనీ 1980ల్లో దానం చేస్తే ‘ది వైల్డ్స్’ అనే సంరక్షణ కేంద్రం వచ్చింది. ఇప్పుడక్కడ ఖడ్గమృగాలు, బైసన్లు మేస్తున్నాయి. కెంటకీలో 1997-2002 మధ్య పడమటి రాష్ట్రాల నుంచి సుమారు 1,500 ఎల్క్ దుప్పుల్ని తెచ్చి వదిలితే అవి గనుల పచ్చికను సొంతం చేసుకుని ఎన్నో రెట్లు పెరిగాయి. వాటికి కంచె అక్కర్లేదు, పాలు పితకనక్కర్లేదు. బహుశా అందుకే కుదిరింది.

ఇక మన సంగతి. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో, తవ్వకం ముగిశాక గనినేలలో మళ్లీ గడ్డి పెంచి మేతకూ, మొక్కలకూ, జంతువులకూ పనికొచ్చేలా చేయాలన్న షరతును అనుమతుల్లో చేర్చమని కేంద్రానికి చెప్పింది. వారం తిరిగేసరికి పర్యావరణ శాఖ ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది. గడ్డి లేకపోతే మేసే జంతువు గతేమిటని దేశపు అత్యున్నత న్యాయస్థానం అడగడం చిన్న విషయం కాదు. అప్పటిదాకా మన దగ్గర గని పునరుద్ధరణ అంటే చెట్లు నాటి లెక్కపెట్టడమే.

గోదావరి లోయ సింగరేణి గనులకు అమెరికా తూర్పు కొండల కంటే ఒక మేలుంది: మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ, కాబట్టి ఆమ్లం బాధ అంతగా ఉండదు. చిక్కులు వేరే చోట ఉన్నాయి. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీంచి తీసిన ఓబీ మట్టి గుట్టలై నిలబడింది. ఆ గుట్టల పక్కవాలు బర్రె ఎక్కగలిగేది కాదు, ఎక్కితే మట్టి జారుతుంది. వాన ఏటా వెయ్యి మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడినా నాలుగు నెలల్లోనే అయిపోతుంది. మిగతా కాలమంతా ఆ రాతిమట్టి ఎండకు పెనంలా కాగుతుంది. మన దేశపు గనుల మట్టి మీద తట్టుకున్న మేతల్లో స్టైలో, దీనానాథ్ గడ్డి ఉన్నాయి. స్టైలో పప్పుజాతిది, గొర్రెలు ఇష్టంగా తింటాయి. గుట్టల నెత్తిన చదునుగా ఉండే చోట్ల, పూడ్చి సమం చేసిన గుంతల మీద వీటిని పెంచి, పక్కవాలును చెట్లకే వదిలేయడం తెలివైన పని.

ఎవరి మందకు? 2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.43 కోట్ల గొర్రెల్లో తెలంగాణవి 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌వి 1.76 కోట్లు. అంటే దాదాపు సగం మంద తెలుగు నేల మీదే ఉంది. గొల్లకురుమలకు బంచరాయి ఏటా తగ్గిపోతోంది. బొగ్గు భూముల చట్టం కింద తీసుకున్న నేల మీద హక్కు ప్రభుత్వానిదో, బొగ్గు సంస్థదో అవుతుంది, ఊరిది కాదు. కాబట్టి గడ్డి పెంచాక కాపరికి కాగితం మీద మేపు హక్కు ఇవ్వకపోతే, సెక్యూరిటీ గార్డు ఈలకు పరుగెత్తే మందలే మిగులుతాయి.

ఒకవేళ ఆ గుట్టల మీదికి మన మందలే వస్తే, చూడాల్సిన సంగతి ఇంకొకటుంది. రాగి లోపించిన ఆవుకు మందు రాగి కలిపిన లవణ ఇటుక. గొర్రె ఒంట్లో రాగి సులువుగా బయటికి పోదు, కాలేయంలో పోగుపడి, ఒకనాడు రక్తంలోకి విడుదలై చంపేస్తుంది. మేతలో మాలిబ్డినం ఎక్కువుంటే గొర్రెకూ రాగి తక్కువవుతుంది, మాలిబ్డినం మరీ తక్కువుంటే మామూలు రాగి కూడా దానికి విషమవుతుంది. అంటే బర్రెలకు, గొర్రెలకు ఒకే ఇటుక పనికిరాదు. ఏ గుట్ట మీది గడ్డి ఏ పాళ్లలో ఉందో ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి ల్యాబులో చూపించకుండా దొడ్డిలో ఏ ఇటుకా వేలాడదీయకూడదు.